పరుపుల కొట్టుకో గురి

జనవరి 6

తమ్ముడూ,

నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో నీకు తెలుసా? ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా పొద్దస్తమానం పరుగెత్తే మనిషిని ఎప్పుడైనా చూశావా? చూడకపోతే వెళ్ళి అద్దం ముందు నిలబడు.

కోపం తెచ్చుకోకు. ముందు వినుకో. నిన్న మా బస్టాండు సామాన్ల గదికి ఒకాయన వచ్చాడు. పెట్టె నా బల్ల మీద పెట్టి "కాసేపు ఉంచమ్మా" అన్నాడు. చీటీ మీద రాయాలి కదా, "ఏ బస్సుకి వెళ్తారు?" అనడిగాను. "ముందు ఏది కదిలితే దానికి" అన్నాడు. "ఏ ఊరు?" అన్నాను. "ఎక్కాక చూద్దాంలే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. తర్వాత నువ్వు గుర్తొచ్చావు, నవ్వాగిపోయింది.

పోయిన నెల నీ కొట్టులో కూర్చుని అన్నీ చూశాను. ఎవరేం తెచ్చినా "అలాగేనండీ" అంటావు. పరుపు, దిండు, సోఫా మెత్తలు, ఉయ్యాల్లోకి బొంత, చివరికి ఎవరిదో కుక్కకి కూడా పరుపు. "ఎప్పుడిస్తారు?" అంటే "అయిపోగానే" అంటావు. సగం కుట్టినవి దూలాల దాకా పేరుకుపోయాయి. ఒకరి పరుపు కోసం వచ్చినవాళ్ళు ఇంకొకరి పరుపు మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు! ఎదురుగా స్పాంజి పరుపులాయన చెప్పిన రోజుకి చెప్పిన సరుకు ఇస్తున్నాడు. దూది ఏకే పనివాడు మానేశాడు. నువ్వు ముందు గదిలో కుట్టడం, మరదలు వెనక గదిలో ఒక్కతే ఆ ఏకే మిషను నడపడం. ఇలా సాగితే వచ్చే ఏడాదికి ఆ తలుపుకి తాళమే.

గ్రంథంలో, ప్రళయానికి ముందు ఓడ కట్టమన్నప్పుడు దేవుడేమన్నాడు? నీళ్ళొస్తున్నాయి, ఏదో ఒకటి కట్టుకో అన్నాడా? పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని మూరల్లో చెప్పాడు. తలుపు ఎటు పెట్టాలో కూడా చెప్పాడు. మరి నీ పనికి ఏ కొలత ఉంది?

నీకు గురి లేదు. నీ జబ్బు ఒక్క మాటలో అదే.

నిన్ను కుదురుగా కూర్చోనివ్వని
అక్క


జనవరి 15

అక్కా,

వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అంటే ఇద్దరం.

నీ ఉత్తరం బాగానే చురుక్కుమంది. కుక్క పరుపు సంగతి సరే, అది తప్పే. ఆ కుక్క యజమాని మనిషి మంచివాడు, కాదనలేకపోయాను. కానీ "గురి లేదు" అన్న మాట గుండెలో ముల్లులా దిగింది. దేవుడి మీద గురి లేనివాడినా నేను? ప్రతి వారం ప్రార్థనకి వెళ్తున్నాను. ఒక్క వారమే వెళ్ళలేదు, అదీ నీ మరదలికి దగ్గు ఆగకపోతే. నాకు గురి లేదని నీతో ఎవరు చెప్పారు? తనే రాసిందేమోనని అడిగేశాను. "నేనేం రాశాను? నోరెత్తితే దగ్గొస్తుంటే ఇంక చాడీలొకటా?" అంది.

లేకపోతే నీకే నా మీద గురి పోయిందా? అదైతే సూటిగా చెప్పు. అమ్మ పోయాక నా చెయ్యి పట్టుకుని నడిపించినదానివి, చెప్పే హక్కు నీకుంది.

ఫోనులో అడుగుదామనుకున్నాను. మిషను మోతలో నువ్వు దీవించినా తిట్టినా నాకు ఒకేలా వినిపిస్తుంది. అందుకే కాగితం పట్టాను.

దగ్గంటే పెద్దదేం కాదు, దూది నలక. పాత పరుపులు విప్పి ఏకిన రోజున ఎక్కువ, కొత్త దూదికి తక్కువ. గది చిన్నది, కిటికీ తెరిస్తే దూది ఎగిరి వీధిలోకి పోతుందని మూసే ఉంచుతాం.

నీ మాట కోసం చూసే
తమ్ముడు


జనవరి 24

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

నేనన్నది ఆ గురి కాదురా! బాణం వేసేవాడు కన్ను మూసి చూస్తాడే, ఆ గురి. నీ నమ్మకాన్ని నేనెందుకు తూకం వేస్తాను? నీ ఉత్తరం చదివి సామాన్ల గదిలో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, పెట్టె తీసుకోవడానికి వచ్చినావిడ రెండడుగులు వెనక్కి వేసింది.

అయినా ఆ రాత్రి ప్రార్థనలో ఒక వెలుగు తట్టింది. మన భాషలో నమ్మకానికీ గురే, లక్ష్యానికీ గురే. ఊరికే పడిందా ఆ మాట? రెండూ ఒకటే! దేవుడి మీద గురి ఉన్నవాడే పనిలో గురి పెడతాడు. గురి పెట్టి మధ్యలో మానేశాడంటే మొదటి గురి కూడా వాడికి లేదన్నట్టే! ఆదివారం మా ప్రార్థన గదిలో ఇదే బోధించాను. గది గదంతా ఊపిరి బిగబట్టింది. నేను బడి గుమ్మం దాటింది తక్కువ, అక్షరాలు గ్రంథం మీదే నేర్చుకున్నాను. కానీ ఆ రోజు చదువుకున్నవాళ్ళు కూడా తలలు వంచారు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. అన్నీ కాదు, ఒక్కటి ఎంచుకో. "వ్యాపారం పెరగాలి" అనకు, అది కోరిక. ఏది, ఎంత, ఎప్పటికి? ఆ మూడూ చెప్పగలిగితేనే గురి. దాన్ని గోడ మీద రాయి, వచ్చేవాడికీ పోయేవాడికీ కనపడాలి. ఇక పరుగే. పందెంలో పరుగెత్తేవాడు వెనక ఏముందో చూస్తాడా? చూస్తే పడతాడు. నువ్వూ వెనక్కి చూడకు.

మరదల్ని వేడినీళ్ళలో తేనె వేసుకుని తాగమను. బోధ అయ్యాక నా గొంతూ బొంగురుపోతుంది, దానికి అదే మందు.

నీ మీద రెండు రకాల గురీ ఉన్న
అక్క


ఫిబ్రవరి 12

అక్కా,

నీ నోటి మాట ఫలించింది. సోఫాలు మానేశాను, మెత్తలు మానేశాను. పరుపూ దిండూ, అంతే. కుక్క యజమాని వచ్చి "మరి మావాడు ఎక్కడ పడుకోవాలి?" అన్నాడు. "మీ ఒళ్ళో" అన్నాను. అలిగి వెళ్ళాడు, మర్నాడే వచ్చి తనకోసం పరుపు చెప్పాడు.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు రోజు చెప్తాను, తర్వాతే గుడ్డ కొలుస్తాను. చెప్పిన రోజుకి ఇస్తున్నాను. ఒక పెద్దాయన పరుపు భుజానికెత్తుకుంటూ "ఏంటయ్యా, కొట్టు చేతులు మారిందా?" అన్నాడు. అంత సంతోషం నేనెరగను. పాత సరుకంతా పోయి, దూలాలు కనపడుతున్నాయి.

ఈ ధైర్యంతోనే నర్సుల హాస్టలు వాళ్ళ దగ్గరికి పరుపుల పని అడగడానికి వెళ్ళాను. ఆ వార్డెనమ్మ చాలా గట్టి మనిషి. "గడువు తప్పితే సరుకు గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను" అంది. ఒప్పుకున్నాను. గోడ మీద రంగుతో రాసేశాను: ఏప్రిల్ ఆఖరుకి హాస్టలు పరుపులన్నీ. జూన్ మొదటికి సంతవీధి మూల మీద రెండో కొట్టు. మూల కొట్టు ఆయనతో మాటైపోయింది.

ఇంత సరుక్కి కొత్త దూది చాలదు, హాస్టలు వాళ్ళ పాత పరుపులే విప్పి ఏకి మళ్ళీ నింపుతున్నాం. తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా మిషను ఆగడం లేదు.

నీ మరదలి సంగతే కాస్త అర్థం కావడం లేదు. మాటలు తగ్గించేసింది. రెండో కొట్టు ఊసెత్తితే తల తిప్పుకుని వెనక గదిలోకి వెళ్ళిపోతుంది. ఇష్టం లేదేమో. నేను మాత్రం నువ్వన్నట్టు వెనక్కి చూడటం లేదు.

గురి దొరికిన
తమ్ముడు


ఫిబ్రవరి 22

తమ్ముడూ,

హల్లెలూయ! నీ ఉత్తరం ఆదివారం అందరికీ చదివి వినిపించాను. కుక్క దగ్గర నవ్వారు, పెద్దాయన మాట దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. టీ కొట్టు నడిపే ఆవిడ లేచి "నేనూ గోడ మీద రాస్తాను" అంది. చూశావా, నీ పరుపుల దూది ఎంత దూరం ఎగిరొచ్చిందో!

ఇక మరదలు. నేనూ ఆడదాన్నే, ఆ మౌనం నాకు తెలుసు. అది అలక. ఇల్లు కదులుతుంటే ఆడదానికి భయం. కానీ గ్రంథంలో, తగలబడుతున్న ఊళ్ళోంచి దేవుడు తప్పించి తీసుకెళ్తున్నప్పుడు వెనక్కి తిరిగిన ఇల్లాలు ఏమైంది? ఉప్పుస్తంభమై అక్కడే నిలబడిపోయింది. మొగుడు నడుస్తున్నాడు, పిల్లలు నడుస్తున్నారు, ఆవిడ మాత్రం నిలబడిపోయింది! ఈ మాట మరదలికి చదివి వినిపించు. నొచ్చుకుంటుంది. నొచ్చుకోనీ. వైద్యుడు సూది గుచ్చేది పగతోనా?

నువ్వు మాత్రం గోడ మీద రాసింది ఒక్క అక్షరం చెరపకు. మాట దేవుడి ముందు రాసుకున్నావు.

నిప్పులాంటి ప్రేమతో
అక్క


మార్చి 9

అక్కా,

చెప్పావు కాబట్టి చదివి వినిపించాను. ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుని ఉంది, కళ్ళే కనపడుతున్నాయి. చివరిదాకా నిలబడే విన్నది. తర్వాత గుడ్డ కిందికి లాగి, "నేను వెనక్కి తిరగడం లేదని వదినగారికి రాయండి. నేను వెనకే ఉన్నాను" అంది. మళ్ళీ గుడ్డ కట్టుకుని వెళ్ళి మిషను వేసుకుంది.

అన్నంలో సగం వదిలేస్తోంది. అడిగితే "ఆకలి లేదు, మీ గడువు చూసుకోండి" అంటుంది.

హాస్టలు పరుపులు సగం దాటాయి. వార్డెనమ్మ వచ్చి ఒకదాని మీద కూర్చుని, లేచి, పడుకుని చూసి "ఫర్వాలేదు" అంది. ఆవిడ నోట అది పెద్ద మాటట.

పని మీద ఉన్నాను, ఇంతటితో ఆపుతాను.

తమ్ముడు


మార్చి 18

తమ్ముడూ,

"నేను వెనకే ఉన్నాను" అందా! ఎంత గొప్ప మాట! మొగుడి వెనక గోడలా నిలబడ్డానని చెప్పింది. నేను అనవసరంగా ఉప్పుస్తంభాన్ని లాక్కొచ్చాను. ఈ ఆదివారం నా బోధ ఆ మాట మీదే. తనకి నా ముద్దులు చెప్పు. అలక తీరిందిగా, అన్నం అదే తింటుంది.

ఇద్దరూ అలాగే పదండి, ఆగకండి!

గర్వంతో
అక్క


ఏప్రిల్ 7

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పోయిన వారం మధ్యాహ్నం నేను ముందు గదిలో పరుపుకి టాకాలు కుడుతున్నాను. మిషను మోత వస్తూనే ఉంది. చాలాసేపటికి గానీ తెలియలేదు, అది ఉత్త మోత. దూది పడుతున్న మోత వేరు, ఖాళీగా తిరిగే మోత వేరు. లోపలికి వెళ్ళాను. ఏకిన దూది గుట్ట మీద పడి ఉంది. ఒళ్ళంతా తెల్లగా, కనురెప్పల మీద కూడా దూది. పెదాలు నీలంగా ఉన్నాయి. ముందు నిద్రపోయిందనుకున్నాను అక్కా. అలా అనుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, "ఈవిడ ఏం పని చేస్తారు?"

"పరుపుల కొట్టండీ."

"కొట్టు పని కాదు, ఈవిడ పని."

"దూది ఏకుతుంది."

"ఎక్కడ? కిటికీలున్నాయా?"

"ఒకటుందండీ, మూసే ఉంచుతాం" అన్నాను. ఆవిడ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించింది. నల్లగా ఉండాల్సిన చోట మసక, పొగమంచులా. "ఇవాళ్టి నుంచి ఆ దుమ్ము ఒక్క గుక్క కూడా లోపలికి పోకూడదు. ఇప్పుడు మానేస్తే చాలావరకు కోలుకుంటారు. మానకపోతే ఇంకోసారి నా దగ్గరికి తెచ్చి లాభం లేదు" అంది.

అలక కాదట అక్కా. మొన్న మంచం మీద చెప్పింది, ఒక్కో మాటకీ ఆగుతూ. "మాట్లాడితే దగ్గొస్తుంది. దగ్గొస్తే మిషను ఆపాలి. ఆపితే మీ గురి పోతుంది. అందుకని మాట్లాడటం మానేశాను." రెండో కొట్టు మాటెత్తితే తల తిప్పుకున్నది కూడా దగ్గు నాకు వినపడకూడదనేనట.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే నాకు దేవుడి మీద గురి లేదంటారు. వదినగారు రాశారు కదా, రెండూ ఒకటేనని" అంది.

నేను వద్దంటూనే ఉన్నాను. కానీ ఇవాళ పొద్దున్న లేచి, గుడ్డ తడిపి కట్టుకుని లోపలికి వెళ్ళింది. "ఇంకా కొంచెమేగా, హాస్టలు వాళ్ళకి మాటిచ్చాం, దేవుడి ముందు రాసుకున్నాం" అంటోంది. చెయ్యి పట్టుకుని లాగితే, "గోడ మీద రాసింది మీరే" అంది. చెయ్యి వదిలేశాను. ఇది రాస్తుంటే వెనక మిషను మొదలైంది.

గడువు తప్పితే సరుకంతా వెనక్కొస్తుంది. మూల కొట్టు ఆయన ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అది కాదు నా భయం. అక్కా, పెట్టుకున్న గురి మార్చుకోవచ్చా? మార్చుకుంటే అది అవిశ్వాసమా? నువ్వు కాదంటే తను వింటుంది. నా మాట వినడం లేదు.

తమ్ముడు


ఏప్రిల్ 10

తమ్ముడూ,

మార్చుకో. మార్చుకో! ఈ క్షణమే మార్చుకో!

నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఎందుకు వినపడలేదో నాకు తెలుసు. ఈ కాగితం పోస్టులో వెయ్యను. మొదటి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. నా గది తాళాలు ఇంకొకరికి అప్పగించి మధ్యాహ్నం బస్సుకి నేనూ వస్తున్నాను, కానీ అంతదాకా మీరు ఆగకూడదు.

రెండూ ఒకటేనని చెప్పిన నా నోరు పడిపోను! రెండూ ఒకటి కావు. దేవుడి మీద ఉంచే గురి కదలదు. మనం గోడ మీద రాసుకునేది మన చేత్తో రాసుకున్నది, మన చేత్తోనే చెరపాలి. మాట బాగుందని పలికాను, గది ఊపిరి బిగబట్టిందని మురిశాను. ఇక్కడ నాకోసం ఊపిరి బిగబట్టారు, అక్కడ ఆ పిల్ల నిజంగానే బిగబట్టింది.

ఓడ కొలతలు నీకు చెప్పినదాన్ని, సగమే చెప్పాను. కొలతంటే ఇంత కట్టమని మాత్రమే కాదు. ఇంతకి మించి వద్దని కూడా. ఎడారిలో దేవుడు తన జనానికి రొట్టె కురిపించినప్పుడు ఎవరికి కావలసినంత వాళ్ళు ఏరుకోమన్నాడు, అత్యాశకి దాచుకున్నది పొద్దుటికి పురుగు పట్టింది. లోకాన్ని చేసినవాడే పని ఆపి, చేసింది చూసుకుని బాగుందన్నాడు. ఆపడం అవిశ్వాసమైతే ఆయన ఎందుకు ఆపుతాడు? నీ గోడ మీద ఎంత అన్నది రాశావు, ఎప్పటికి అన్నది రాశావు. ఎవరి ఊపిరి మీద అన్నది రాయలేదు. రాయించనిది నేను.

అమ్మడూ, ఇది నీకు. మీ ఆయన చదివి వినిపిస్తాడు. నువ్వు అలిగావన్నాను, ఉప్పుస్తంభం అన్నాను, చివరికి "వెనకే ఉన్నాను" అంటే గోడలా నిలబడ్డావని బోధ కూడా చేశాను. నువ్వు ఎక్కడున్నావో చెప్పావు, నాకు చెవుల్లేకపోయాయి. నీకు గురి లేదని ఎవరైనా అంటే వాళ్ళు ముందు నాతో మాట్లాడాలి. ఇంటి పెద్దగా అడుగుతున్నాను, బోధకురాలిగా కాదు. బయటికి రా తల్లీ. దేవుడికి నువ్విచ్చిన మాటేదీ లేదు. ఇచ్చింది మేము, తప్పేది మేము.

తమ్ముడూ, చెయ్యాల్సింది ఇది. ఎదుటి స్పాంజి పరుపులాయన దగ్గరికి వెళ్ళి మిగిలిన హాస్టలు పని ఆయన్నే చేసుకోమని చెప్పు. సిగ్గుపడకు. వార్డెనమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు, నర్సుల మధ్య బతికే మనిషి, ఊపిరితిత్తులంటే ఏమిటో ఆవిడకి తెలుసు. గుమ్మంలోంచే సరుకు వెనక్కి పంపినా సరే, తెచ్చుకో. మూల కొట్టు వదిలెయ్. మిల్లులో ఏకిన దూది కొనుక్కుని, ఆ దూదికి సరిపడా పరుపులే ఒప్పుకో. లాభం తగ్గితే తగ్గనీ, కొట్టు ఉంటుంది. ఆ మిషను ఇంట్లోంచి బయటికి పోవాలి, వెనక గది కిటికీ పూర్తిగా తెరుచుకోవాలి.

గోడ మీద రంగు పూసి కొత్త గురి రాయి. ఏది, ఎంత, ఎప్పటికి అని నన్నడిగితే, ఇది: జూన్ ఆఖరుకి ఆస్పత్రి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మధ్యలో ఆగకుండా మరదలు ఎక్కాలి. ఈ ఏడాదికి మీ కొట్టుకి ఇంకో గురి అక్కర్లేదు.

ఇవన్నీ రేపు మొదలుపెట్టొచ్చు. ఒక్కటి మాత్రం రేపటికి లేదు. ఈ ఉత్తరం తెచ్చినాయన నీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు చూడు. మోత ఆగడం తన చెవులతో వినేదాకా కదలొద్దని చెప్పాను. బస్సు నిండా జనం ఆయన కోసం కూర్చుని ఉన్నారు. ఇంకొక్క వాక్యం కూడా చదవకు. లే. లోపలికి వెళ్ళి స్విచ్చి కట్టేసి, మరదల్ని రెండు చేతులా ఎత్తి వెలుతుర్లోకి తీసుకురా. ఇప్పుడే తమ్ముడూ, ఇప్పుడే!

అక్క